స్ట్రేంజ్‌లవ్‌లో తప్పు పిచ్చి జనరల్‌దా, పద్ధతిదా?

మూడోవరుస:
కుబ్రిక్ తీసిన అణుయుద్ధ వ్యంగ్య సినిమా ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’ (1964) మీద నాకో అభ్యంతరం ఉంది. కథంతా నడిచేది అమెరికా వైమానిక దళం జనరల్ రిప్పర్‌కి మతి చెడటం వల్ల. నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం కమ్యూనిస్టుల కుట్ర అని నమ్మి, సొంతంగా అణు బాంబర్లను రష్యా మీదికి తోలేస్తాడు. నింద ఒక్కడి పిచ్చి మీద వేస్తే మిగతా సైన్యం చేతులు దులుపుకున్నట్టే కదా! అదే ఏడాది వచ్చిన సిడ్నీ లూమెట్ ‘ఫెయిల్ సేఫ్’లో దాడికి కారణం పిచ్చివాడు కాదు, యంత్రం చెడి దాడి ఆదేశం వెళ్లిపోతుంది. నా దృష్టిలో అదే గట్టి విమర్శ.

కత్తెర:
రిప్పర్ పిచ్చివాడే, కాదనను. వాడి చేతికి తాళాలిచ్చింది ఎవరండీ? వార్ రూమ్ సీన్ మళ్లీ చూడండి. అణ్వాయుధాల అధికారం తన ఒక్కడిదే కదా అని ప్రెసిడెంట్ నిలదీస్తే, జనరల్ టర్జిడ్సన్ నీళ్లు నములుతూ ప్లాన్ ఆర్ సంగతి బయటపెడతాడు. దొంగదాడిలో పైవాళ్లతో సంబంధం తెగిపోతే కింది కమాండరే ఎదురుదాడికి ఆదేశించొచ్చు. దాన్ని ఆమోదించింది ఆ ప్రెసిడెంటే.

అక్కణ్నుంచి ప్రతి మెట్టూ రూలు ప్రకారమే జరుగుతుంది. సంకేతాన్ని కోడ్ పుస్తకంతో సరిచూస్తారు, బాంబర్ పైలట్ మేజర్ కాంగ్ నమ్మక మళ్లీ ధ్రువీకరణ తెప్పిస్తాడు, ఆ తర్వాతే రేడియో సందేశాలను వడకట్టే సీఆర్ఎమ్ 114 అనే పరికరం ఆన్ అవుతుంది. ఇక మూడక్షరాల కోడ్ ముందు లేని సందేశమేదీ విమానంలోకి రాదు. మొత్తం 17,576 కూర్పులు. అన్నీ పంపాలంటే రెండున్నర రోజులంటాడు టర్జిడ్సన్. ఒక్కోదానికి దాదాపు 12 సెకన్లు! విమానాలేమో నిమిషాల్లో రష్యా రాడార్లకు చిక్కబోతున్నాయి. ఇందులో చెడిపోయిన భాగం ఒక్కటి చూపించండి.

రాడార్‌నీడ:
ప్లాన్ ఆర్ గాల్లోంచి పుట్టలేదు. అప్పటి అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్ 1950ల చివర్లోనే కొందరు పై కమాండర్లకు అణ్వాయుధాలు అత్యవసరంలో వాడే అధికారం ముందుగానే ఇచ్చాడు. ఆ కాగితాలు దశాబ్దాల తర్వాత గానీ బయటపడలేదు. కోడ్ లేనిదే అణ్వాయుధం పనిచేయకుండా ఆపే తాళాల సంగతీ అంతే: కెనెడీ 1962 జూన్‌లో ఆదేశించింది యూరప్‌లో నేటో కోసం ఉంచిన ఆయుధాలకు. వ్యూహాత్మక బాంబర్ల వంతు రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. ఇలాంటివి జరగకుండా తమ జాగ్రత్తలు ఆపుతాయని వైమానిక దళం అంటోందంటూ సినిమా మొదట్లో ఒక కార్డు పడుతుంది చూశారా, ఇవన్నీ తెలిశాక అదే మొదటి జోకు.

మూడోవరుస:
చరిత్ర సరే, నటన మాటేమిటి? టర్జిడ్సన్‌గా జార్జ్ సి. స్కాట్ చూయింగ్‌గమ్ నములుతూ, వెనక్కి పడి దొర్లి లేస్తూ... ఇది కోతి వేషం. అతి వద్దని స్కాటే మొత్తుకుంటే, రిహార్సల్ అని చేయించిన టేకులే వాడారని అంటారు. జనరల్ని చూసి నవ్వేశాక ఇంకా భయమెక్కడ?

కత్తెర:
వేషం కాదు, చేతిలో ఫైలు చూడండి. మెగాడెత్‌లలో (ఒక్కోటి పది లక్షల చావులు) ప్రపంచ లక్ష్యాలు అని అట్ట మీద రాసి ఉంటుంది. ఇప్పుడే పూర్తి దాడి చేస్తే మనవాళ్లు 2 కోట్లు, ఆగితే 15 కోట్లు పోతారని లెక్క అప్పజెప్తాడు. మొహం కోతిది, లెక్క మాత్రం అప్పటి వ్యూహకర్తలది. వాళ్లలో ఒకడైన హెర్మన్ కాన్ అణుయుద్ధం మీద రాసిన 1960 పుస్తకంలో ఇలాంటి పట్టికలే ఉన్నాయి. వ్యంగ్యానికీ ఉత్త గంతులకీ మధ్య హద్దు కుబ్రిక్‌కి తెలుసు. వార్ రూమ్‌లో కేకులు విసురుకునే ముగింపు మొత్తం తీసి మరీ కోసిపారేశాడు. అక్కడ లెక్క లేదు, ఉత్త గంతులే.

రాడార్‌నీడ:
దాడి జరిగితే దానంతటదే లోకాన్ని నాశనం చేసే సోవియట్ డూమ్స్‌డే మెషీన్ కూడా కలపండి. రహస్యంగా ఉంచితే దానివల్ల లాభమేముందని ప్రెసిడెంట్ సలహాదారు స్ట్రేంజ్‌లవ్ అరుస్తాడు. సోవియట్ యూనియన్ 1985లో, నాయకత్వం చచ్చిపోయినా ఎదురుదాడి జరిగేలా చూసే పెరిమీటర్ వ్యవస్థను మోహరించి, సరిగ్గా ఆ పనే చేసింది: ఎవరికీ చెప్పలేదు.

మూడోవరుస:
ప్లాన్ ఆర్ మీద మీ మాట ఒప్పుకుంటాను. పెరిమీటర్ పోలిక మాత్రం సగమే అతుకుతుంది. దాంట్లో ఆఖరి నిర్ణయానికి బంకర్‌లో మనుషులుండేవాళ్లు. సినిమాలోది ఎవరూ ఆపలేని యంత్రం. అంటే అక్కడైనా కుబ్రిక్ నమ్ముకున్నది, నేను మొదట చెప్పిన ‘ఫెయిల్ సేఫ్’ లాగే, యంత్రాన్నే.