డాలస్ దగ్గర ఐస్ స్టార్మ్ హెచ్చరిక: రెండు రోజుల్లో మా బిడ్డ ఇంటిని ఎట్లా సిద్ధం చేసుకోవాలి?

గణితం సార్, హనుమకొండ

అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం బోధించి పదవీ విరమణ చేసినవాడిని. మా బిడ్డ, అల్లుడు, పద్నాలుగు నెలల మనుమరాలు అమెరికాలోని టెక్సాస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో ఉంటున్నారు. పోయిన వేసవిలోనే సొంతిల్లు కొనుక్కొని అందులోకి మారారు. అంతకుముందు ఏడేళ్ళూ కాలిఫోర్నియాలో ఉన్నారు కాబట్టి, గడ్డకట్టే చలికి ఇంటిని సిద్ధం చేసుకోవలసిన అవసరం వాళ్ళకు ఎన్నడూ రాలేదు. ఈ శనివారం రాత్రి నుంచి అక్కడ ఐస్ స్టార్మ్ రావచ్చని వాతావరణ శాఖ హెచ్చరించిందట. రెండు మూడు రోజులు కరెంటు ఉండకపోవచ్చని కూడా అంటున్నారట.

మాకు వరద తెలుసు. 2020 ఆగస్టులో మా వీధిలోకి నీళ్ళు వచ్చినప్పుడు బియ్యం బస్తాలు, పరుపులు, ఇంటి కాగితాలు గంటలో మేడ మీదికి చేర్చుకున్నాం. వడగండ్ల వాన కూడా తెలుసు. చేతికొచ్చిన మిర్చి, మామిడి పిందెలు నేలపాలైన ఊళ్ళు మా చుట్టాల ఊళ్ళే. కానీ వాన వానగానే కురిసి, తాకిన చోటల్లా అద్దంలా గడ్డకట్టడమనేది నా ఊహకు అందడం లేదు. అందువల్ల ఫోనులో బిడ్డకు ధైర్యం చెప్పగలుగుతున్నాను గానీ, చేయవలసిన పని చెప్పలేకపోతున్నాను.

ఇంకొక విషయం. మా ఇంటావిడ బాలింత గదిలో కుంపటి పెట్టుకున్న రోజులు గుర్తుచేసుకొని, మరీ అవసరమైతే పెరట్లో మాంసం కాల్చుకునే పొయ్యిలో బొగ్గులు రాజేసి, పాప పడుకునే గదిలో ఒక మూలకు పెట్టుకొమ్మని నిన్న బిడ్డకు చెప్పింది. అల్లుడు వద్దన్నాడు, ఈమె నొచ్చుకుంది. ఎవరి మాట సరైనదో తెలిసినవారు చెప్పగలరు. వాళ్ళ చేతిలో ఉన్నది రెండు పగళ్ళు మాత్రమే.

కాజీపేట వాసి (ఇంతకుముందు ప్లానో)

నమస్తే సార్. నేను 2014 నుంచి 2022 వరకు ఫ్రిస్కో పక్కనే ఉన్న ప్లానోలో ఉన్నాను. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మొత్తం గడ్డకట్టినప్పుడు నేను, నా భార్య, ఇద్దరు పిల్లలం అక్కడే ఉన్నాం. అప్పుడు రాష్ట్రంలో దాదాపు 45 లక్షల ఇళ్ళకు, దుకాణాలకు కరెంటు పోయింది. ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయం దగ్గర మైనస్ 19 డిగ్రీల దాకా పడిపోయింది. చలి గురించి ఎవరైనా చెబుతారు. నేను మాత్రం నీళ్ళ గొట్టాల గురించి చెబుతాను, ఎందుకంటే మాకు నష్టం అక్కడే జరిగింది.

టెక్సాస్‌లో ఇళ్ళను ఎండను దృష్టిలో పెట్టుకొని కడతారు. చాలా ఇళ్ళలో నీళ్ళ గొట్టాలు కప్పుకూ సీలింగుకూ మధ్య ఉండే అటకలో నుంచి పోతాయి. హీటర్ నడిచినంతసేపు ఇంట్లోని వెచ్చదనం వాటిని కొంత కాపాడుతుంది. హీటర్ గ్యాసుతో నడిచేదే అయినా, దాని ఫ్యాను తిరగడానికి కరెంటు కావాలి కాబట్టి, కరెంటు పోతే అదీ ఆగిపోతుంది. మాకు 15వ తేదీ తెల్లవారుజామున పోయింది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. గొట్టంలో గడ్డ పెరుగుతుంటే, దానికీ మూసిన నల్లాకూ మధ్య ఇరుక్కున్న నీటికి పోయే దారి ఉండదు, ఆ ఒత్తిడికే గొట్టం పగులుతుంది. అయితే పగిలిన వెంటనే తెలియదు, గడ్డే బిరడాలాగా నిలబడి ఉంటుంది. మూడో రోజు మధ్యాహ్నం ఎండ వచ్చి, కరెంటు కూడా వచ్చి, అమ్మయ్య అనుకొని టీ పెట్టుకుంటున్న సమయంలో మా వంటింటి సీలింగు మీద చాయ్ మరకలాంటి మచ్చ ఒకటి కనిపించింది. చూస్తుండగానే అది పళ్ళెమంత అయింది, తర్వాత సీలింగు కడుపులాగా కిందికి ఉబ్బి, ఎండ, చలి లోపలికి రాకుండా అటకలో పరిచే గులాబీ రంగు దూది తడిసి, దానితో సహా స్టవ్ మీద పడింది. నీళ్ళు ఎక్కడ కట్టేయాలో నాకు తెలియదు. మెయిన్ వాల్వ్ వెతకడానికి నలభై నిమిషాలు పట్టింది. ఇంటి ముందు ఫుట్‌పాత్ పక్కన గడ్డిలో, ఇనుప మూత కింద, మట్టిలో కూరుకొని ఉంది.

కాబట్టి మీ అల్లుడు గారిని ఈ రోజే, వెలుతురు ఉండగానే ఆ వాల్వ్‌ను వెతికి, ఒకసారి తిప్పి చూడమనండి. కొన్నింటికి పొడవాటి తాళం లాంటి పనిముట్టు కావాలి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరుకుతుంది, కానీ రేపటికల్లా అయిపోతుంది. మిగతా పనులన్నీ దీని తర్వాతే.

బయటి నల్లాలకు తగిలించిన తోట పైపులు విప్పేసి, నల్లాలకు ఫోమ్ తొడుగులు వేయాలి. తొడుగులు దొరకకపోతే పాత తువ్వాలు చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టినా కొంత మేలే. తుఫాను రాత్రి బయటి గోడలకు ఆనుకొని ఉన్న నల్లాలను, వేడి నీళ్ళవీ చల్ల నీళ్ళవీ రెండింటినీ, సన్నని ధారగా వదిలి ఉంచాలి. నీళ్ళు వృథా అవుతున్నాయని మనసు ఒప్పుకోదు, మా అమ్మ ఫోనులో మమ్మల్ని తిట్టింది కూడా. అయినా వదలాలి. సింకుల కింద ఉండే అల్మారాల తలుపులు తెరిచి ఉంచితే గదిలోని వెచ్చదనం గొట్టాలకు తగులుతుంది. కరెంటు పోయి చాలాసేపటికీ రాకుండా, ఇల్లు చల్లబడిపోతుంటే, మెయిన్ కట్టేసి, నల్లాలన్నీ తెరిచి గొట్టాల్లోని నీళ్ళను వదిలేయడమే క్షేమం. అందుకోసం ముందుగానే తాగే నీళ్ళు మనిషికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన కనీసం మూడు రోజులకు నిలవ చేసుకోవాలి. స్నానాల తొట్టి నిండా నీళ్ళు పట్టుకుంటే టాయిలెట్‌కు పనికొస్తాయి. పాప ఉన్న ఇల్లు కాబట్టి ఆ తొట్టి ఉన్న గదికి తలుపు గట్టిగా వేసి ఉంచాలి.

విద్యుత్ శాఖ విశ్రాంత ఏఈ, ములుగు రోడ్

సార్, కాజీపేట సోదరుడు చెప్పిన 2021 పరిస్థితి వేరు, ఇప్పుడు రాబోయేది వేరు. అప్పుడు ప్రధానంగా చలికి విద్యుత్ కేంద్రాలు, గ్యాస్ సరఫరా దెబ్బతిని ఉత్పత్తి చాలలేదు. ఐస్ స్టార్మ్‌లో ఉత్పత్తి ఉన్నా తీగలు నిలవవు. పైన వెచ్చని గాలి పొర, నేలకు దగ్గరగా సున్నా కంటే తక్కువ చల్లదనం ఉన్న పలుచని పొర ఉంటే, పైనుంచి వచ్చే వాన చుక్క గడ్డకట్టే తీరిక లేక నీరుగానే దిగి, తీగనో కొమ్మనో తాకిన క్షణంలో గడ్డకడుతుంది. వడగండ్లు పడి దొర్లిపోతాయి. ఇది పట్టుకొని ఉంటుంది, పొర మీద పొర పేరుకుంటుంది. పావు అంగుళం పేరుకుంటేనే అమెరికాలో దాన్ని ఐస్ స్టార్మ్ అంటారు. అర అంగుళం పేరుకుంటే ఒక తీగ మీద 225 కిలోల దాకా అదనపు బరువు పడుతుందని లెక్క. 1998 జనవరిలో కెనడాలోని క్విబెక్ ప్రాంతంలో ఈ బరువుకే పెద్ద పెద్ద ఉక్కు టవర్లు వరుసగా మడతపడి కూలాయి, కొన్ని చోట్ల వారాల తరబడి కరెంటు రాలేదు.

మన దగ్గర వానాకాలానికి ముందు లైన్ల పొడవునా కొమ్మలు నరికించే పని నేను ముప్పై ఏళ్ళు చూశాను. గాలికి కొమ్మ విరిగి తీగ మీద పడితే ఆ ఒక్క చోట బాగు చేస్తే సరిపోతుంది. అక్కడ ఒకే రాత్రి వందల చోట్ల తెగుతుంది, పైగా రోడ్లు అద్దంలా ఉండి సిబ్బంది వాహనాలు కదలవు. కొత్త కాలనీల్లో తీగలు భూమి లోపలి నుంచి వస్తాయి కాబట్టి తమకు ఇబ్బంది లేదని మీ వాళ్ళు అనుకోవచ్చు. ఆ కాలనీకి కరెంటు తెచ్చే ఫీడర్ ఎక్కడో ఒకచోట స్తంభాల మీదనే ఉంటుంది. మూడు రోజులు రాదనే లెక్కతోనే సిద్ధపడమనండి.

ఇంటి మీదికి, కారు నిలిపే చోటి మీదికి వాలిన కొమ్మలు ఉంటే కారును ఇప్పుడే గ్యారేజీలోకి మార్చాలి. గ్యారేజీ తలుపు కరెంటుతో లేస్తుంది. కరెంటు లేనప్పుడు లోపల వేలాడే ఎర్ర తాడును లాగితే చేత్తో ఎత్తవచ్చు, అది ఒకసారి చేసి చూసుకోవాలి. తుఫాను మొదలైన తర్వాత కొమ్మలు నరకడానికి గానీ, తీగ తెగిందా అని చూడడానికి గానీ ఎవరూ బయటికి పోకూడదు. మంచు కప్పిన తీగ కొమ్మలాగానే కనిపిస్తుంది. నేల మీద ఏ తీగ కనిపించినా పది మీటర్ల దూరం నుంచే తప్పుకోవాలి.

వైద్యురాలు, వరంగల్

సార్, మిగతా వాటికంటే ముందు కుంపటి సంగతి తేల్చుకోవాలి. మీ అల్లుడు గారి మాటే సరైనది. దయచేసి ఈ రాత్రే ఫోను చేసి, అమ్మగారి నోటితోనే బిడ్డకు వద్దని చెప్పించండి. తల్లి చెప్పిన మాట ఆపదలో ముందు గుర్తుకొస్తుంది కాబట్టి ఈ మాట అడుగుతున్నాను.

అమ్మగారి అనుభవం అబద్ధం కాదు. మన పాత ఇళ్ళల్లో పెంకుల సందుల నుంచి, తలుపుల కింది నుంచి, పైనున్న గవాక్షం నుంచి గాలి ఆడుతూనే ఉండేది. అమెరికా ఇల్లు గాలి చొరకుండా కట్టిన పెట్టెలాంటిది. బొగ్గు కాలినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత తల తిరగడం, వాంతి, మగత. చలికి ఒళ్ళు బాగాలేదేమో అనుకొని దుప్పటి కప్పుకొని పడుకుంటారు, అట్లాగే లేవకుండా పోతారు. పసిపిల్లలు పెద్దవాళ్ళ కంటే వేగంగా ఊపిరి తీసుకుంటారు కాబట్టి వాళ్ళ మీద దీని ప్రభావం ముందు పడుతుంది. మన దగ్గర కూడా చలికాలంలో తలుపులు బిగించుకొని బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకున్న కుటుంబాలు తెల్లారేసరికి లేవని సంఘటనలు వింటూనే ఉన్నాం. 2021లో టెక్సాస్‌లో కూడా చలికి తట్టుకోలేక బొగ్గుల పొయ్యిని ఇంట్లోకి తెచ్చుకున్నవాళ్ళు, గ్యారేజీలో కారు స్టార్ట్ చేసి అందులో కూర్చున్నవాళ్ళు ఈ గ్యాసు వల్ల చనిపోయారు. గ్యారేజీ తలుపు తెరిచి ఉంచినా ప్రమాదమే. జనరేటర్ ఉంటే అది ఇంటికి కనీసం ఆరు మీటర్ల దూరంలో, కిటికీలకు దూరంగా ఉండాలి. వంట గ్యాసు స్టవ్ మీద పాపకు పాలు కాచుకోవచ్చు గానీ, గది వెచ్చబడాలని దాన్ని వెలిగించి ఉంచకూడదు. కార్బన్ మోనాక్సైడ్ అలారం బ్యాటరీలు ఈ రోజే మార్చమనండి. అది మోగితే ఎంత చలిగా ఉన్నా అందరూ బయటికి వచ్చి 911కు ఫోను చేయాలి.

మరి వెచ్చదనం ఎట్లా? ముగ్గురూ ఒకే గదిలోకి చేరాలి. చిన్న గది, వీలైతే ఎండ పడే దక్షిణం వైపుది, మంచిది. తలుపు కింది సందుకు తువ్వాలు చుట్టి పెట్టాలి, పగలు ఎండ ఉన్నప్పుడు కర్టెన్లు తీసి, పొద్దు వాలగానే వేయాలి. పాపకు మందపాటి స్వెట్టరు ఒకటి కంటే పలుచని బట్టలు రెండు మూడు పొరలుగా వేసి, తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు వేయాలి. ఏడాది దాటినా సరే, పాప మొహం మీదికి జారే బరువైన దుప్పట్లు వద్దు. పాప ఒళ్ళు చల్లబడి, ఏడుపు కూడా తగ్గి, మగతగా పడి ఉంటే కరెంటు కోసం ఎదురుచూడకుండా సహాయం పిలవాలి. టెక్సాస్‌లో 211కు ఫోను చేస్తే దగ్గరలో వెచ్చని ఆశ్రయ కేంద్రం ఎక్కడ తెరిచారో చెబుతారు. రోడ్లు గడ్డకట్టిన తర్వాత పోలేరు కాబట్టి, పోవాలనుకుంటే శనివారం మధ్యాహ్నానికే పోవాలి.

కరీంనగర్ అమ్మ

అన్నయ్య గారూ, మా అబ్బాయి కూడా డాలస్ దగ్గరే ఉంటాడు. తిండి గురించి ఒక మాట చెబుతాను. ఫ్రిజ్ తలుపు తెరవకపోతే నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు చల్లగా ఉంటాయి. పాపకు పాలు, పెరుగు, పండ్లు ఒకే చోట ఒక డబ్బాలో సర్దుకుంటే తలుపు పదిసార్లు తెరవవలసిన పని ఉండదు. అటుకులు, పల్లీలు, సత్తుపిండి, మీరు సంక్రాంతికి పంపిన సకినాలు ఉంటే పొయ్యి వెలిగించకుండానే రెండు పూటలు గడుస్తాయి. శనివారం సాయంత్రమే అన్నం, పప్పు ఎక్కువగా వండి, మరిగించిన నీళ్ళు ఫ్లాస్కుల్లో పోసి పెట్టుకొమ్మనండి.

మరొకటి మనం చేయవలసింది. అక్కడికీ మనకూ పదకొండున్నర గంటల తేడా. మనం భయపడి గంటగంటకూ వీడియో కాల్ చేస్తే వాళ్ళ ఫోను బ్యాటరీ మన వల్లనే అయిపోతుంది. మా అబ్బాయి, మేము ఒక ఒప్పందం చేసుకున్నాం: మనకు ఉదయం ఏడు, రాత్రి ఎనిమిది గంటలకు వాడు ఒక్క మెసేజ్ పెడతాడు, అంతే. మిగతా సమయంలో మేము ఫోను చేయం. అప్పుడు కష్టంగానే ఉంటుంది.

గణితం సార్, హనుమకొండ

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. డాక్టరమ్మా, మీరు రాసింది మా ఇంటావిడకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే ఫోను తీసుకొని, బొగ్గులు ఇంట్లోకి తేవద్దని బిడ్డకు రెండుసార్లు చెప్పింది, చెప్పిన మాట మళ్ళీ బిడ్డతో అనిపించుకుంది.

కాజీపేట తమ్ముడూ, మీరు చెప్పినట్టే ఇనుప మూత ఇంటి ముందు గడ్డిలో దొరికింది. అల్లుడు వీడియోలో చూపించాడు. లోపల బురద చేరి ఉంది, వాల్వ్ చేత్తో తిరగడం లేదు. ఆ తాళం కొనడానికి ఇప్పుడే బయలుదేరాడు. మొదటి దుకాణంలో అయిపోయాయట, రెండో దుకాణానికి పోతున్నాడు. బయటి నల్లాలు మూడింటికి మా బిడ్డ పాత తువ్వాళ్ళు చుట్టేసింది. ఏఈ గారూ, ఎర్ర తాడు లాగి తలుపు ఎత్తి చూశారట, తేలికగానే లేచిందట. మెసేజ్ సమయాలు కూడా కరీంనగర్ చెల్లెమ్మ చెప్పినవే పెట్టుకున్నాం.