"ఈ వయసులో ఇంకెందుకు?" ఇందులో లోపించిన పదం ఏది?

మా మేనత్తకు 74 ఏళ్లు. రొమ్ములో గడ్డ ఉందని ఆమె చెబితే ఇంట్లోవాళ్లు రొమ్ము పడిశం అనుకొని నెలరోజులు కషాయాలు పట్టించారు. ఛాతీకీ స్తనానికీ ఒకే మాట ఉండటం అప్పుడప్పుడు ఇలా కొంపముంచుతుంది. చివరికి క్యాన్సర్ అని తేలింది. అప్పటినుంచి ఇంట్లో ఒకటే మాట: "ఈ వయసులో ఇంకెందుకు?" బావ అంటే "ఆపరేషన్ ఎందుకు" అని. కోడలు అంటే "రొమ్ము ఎందుకు, మొత్తం తీయించేస్తే పీడ పోతుంది" అని. ఒకే వాక్యంతో ఇద్దరూ చెరోవైపు లాగుతున్నారు. దీన్ని అధ్యాహారం (వాక్యంలో లేని పదాన్ని మనమే చేర్చుకొని అర్థం చేసుకోవడం) అనవచ్చా?

జవాబు: అనవచ్చు, కానీ అధ్యాహారంలో లోపించిన పదాన్ని సందర్భం పట్టిస్తుంది. ఇక్కడ పట్టించేది మాట్లాడేవారి మనసు. పైగా ఈ 'ఎందుకు' ప్రశ్న కాదు, "నీకెందుకు?" లాంటి నిషేధం. దానికి 'ఇంక' కూడా చేరితే తలుపు గడియ పెట్టినట్టే.

మరో జవాబు: నేను సర్జన్‌ను. ఈ మాట వారానికి నాలుగుసార్లు వింటాను. బావగారి అధ్యాహారం తప్పు. ఆపరేషన్ మత్తు తట్టుకోలేని బలహీనులకే హార్మోన్ మాత్రలతో సరిపెడతాం. ఒంట్లో ఓపిక ఉంటే 74 ఏళ్లు అడ్డు కాదు. కోడలి అధ్యాహారానికి కొంత కారణం ఉంది: గడ్డ వరకే తీస్తే తరవాత రేడియేషన్ కోసం వారాల తరబడి తిరగాలి. అలా చేసినా, మొత్తం తీసినా ఆయుష్షులో తేడా లేదని అమెరికాలో ఫిషర్, ఇటలీలో వెరొనేసి బృందాలు 20 ఏళ్లు గమనించి 2002లో చూపించాయి.

మీ ఇంట్లో ఎవరికీ తట్టని మూడో పదం ఉంది: రేడియేషన్ ఎందుకు? బ్రిటన్ కేంద్రంగా నడిచిన 'ప్రైమ్ 2' పరిశోధనలో 65 దాటిన 1,326 మందిని తీసుకున్నారు. గడ్డ 3 సెంటీమీటర్ల లోపు, చంకలోని బిళ్లలకు (లింఫ్ గ్రంథులకు) పాకనిది, హార్మోన్ మాత్రలకు లొంగేది. అందరికీ గడ్డ తీసి మాత్రలు ఇచ్చారు, సగం మందికే రేడియేషన్. పదేళ్లలో అదే రొమ్ములో తిరగబెట్టడం రేడియేషన్ లేనివారిలో 9.5 శాతం, ఉన్నవారిలో 0.9 శాతం. బతికున్నవారు మాత్రం రెండువైపులా దాదాపు 81 శాతమే. ఆ తొమ్మిది శాతం భయం ఎవరికి ఎంతో వారే చెప్పాలి. అత్తయ్యగారిని అడిగారా?

అడిగాను. సిగ్గేసింది, అడగడానికి ఇన్నాళ్లు పట్టినందుకు. ఆమె రొమ్ము ఊసే ఎత్తలేదు. "చెయ్యి పైకి లేస్తుందా? కొప్పు నేనే ముడుచుకోవాలి" అంది. చంకలో ఎంత కోస్తారన్న దానిమీద అది ఆధారపడుతుందని వాళ్ల డాక్టర్ చెప్పారు. బుధవారం గడ్డ వరకే తీస్తున్నారు. రేడియేషన్ సంగతి రిపోర్టు వచ్చాక తానే చెబుతానంది.