అగత్తి విమానం: సామాను, వాన, పర్మిట్

ప్రశ్న: కొచ్చి నుంచి లక్షద్వీప్‌లోని అగత్తికి వెళ్తున్నాం. ఏటీఆర్ 72 అనే చిన్న విమానంలో సీట్లు ఖాళీగా ఉన్నా టికెట్లు ఆపేస్తారట, ఎందుకండీ?

జవాబు 1: రన్‌వే దాదాపు 1,200 మీటర్లే, రెండు చివరలా సముద్రం. అంత చిన్న రన్‌వే మీద పూర్తి బరువుతో లేవడం, దిగడం కుదరదు. అందుకే మనుషుల్నో సామానునో తగ్గిస్తారు. రన్‌వే తడిస్తే ఆగడానికి ఇంకా దూరం కావాలి, కాబట్టి వానల్లో ఇబ్బంది ఎక్కువ. సామాను వెనకబడొచ్చు, కాబట్టి మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెట్టుకోండి.

జవాబు 2: లక్షద్వీప్‌లోకి వెళ్లడానికి కావాల్సిన పర్మిట్ మర్చిపోకండి! మన దేశస్థులకైనా తప్పనిసరి. అది చేతికొచ్చాకే టికెట్ కొనండి. అగత్తి విమానం ఆలస్యం కావచ్చు, కాబట్టి తిరుగు ప్రయాణంలో కొచ్చి నుంచి హైదరాబాద్ విమానం అదే రోజుకి పెట్టుకోవద్దు, మర్నాటికి తీసుకోండి.

జవాబు 3: బంగారం అనే పక్క దీవికైతే అగత్తి నుంచి పడవలో వెళ్లాలి. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే అదీ ఆగుతుంది.