జ్వరాల సర్వే ఊరివాళ్లతోనే చేయించాలంటే ఎలా?

నమస్కారమండీ. మాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపూర్ దగ్గర పల్లె. తెలుగు, ఒడియా, సవర మాట్లాడే ఇళ్లు కలిసే ఉంటాయి. వానలు మొదలైతే మలేరియా భయం. 2017లో మలేరియా తగ్గించడానికి ఒడిశా ప్రభుత్వం పెట్టిన దమన్ కార్యక్రమం వచ్చాక మారుమూల ఊళ్లలో కూడా రక్తపరీక్షలు చేస్తున్నారు. కానీ దోమతెర కింద నిజంగా ఎందరు పడుకుంటున్నారు, జ్వరం వస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్తున్నారు అన్నది మాకు తెలియాలి. అందుకే గావ్ కల్యాణ్ సమితి (ఊరి ఆరోగ్య కమిటీ), ఆశా దీదీ, పొదుపు సంఘం ఆడవాళ్లతో ఇంటింటి సర్వే చేయిద్దామనుకున్నాం.

బయటివాళ్లు అడిగితే "అంతా బాగానే ఉంది" అనేస్తారు. ఊరివాళ్లే అడిగితే ఇంకో టెన్షన్: పక్కింటామెకు తన జబ్బు సంగతి ఎవరు చెప్తారు? ఒక వీధివాళ్లను ఇంకో వీధికి పంపితే నయమా? చదువు రానివాళ్లు సవరలో అడిగి, జవాబులను బొమ్మల కాగితం మీద గుర్తు పెడితే లెక్క సరిగ్గా వస్తుందా?

అన్నిటికన్నా ముఖ్యం, ఫలితాలు ఊరి సభలో ఎలా చెప్పాలి? ఏ ఇంటినీ వేలెత్తి చూపినట్టు కాకూడదు. శ్రీకాకుళం, పార్వతీపురం వైపు ఇలాంటిది చేసినవాళ్లుంటే మీ ప్రశ్నల కాగితం నమూనా పెట్టగలరా? వానలకు ముందే మొదలుపెట్టాలని ఉంది.