అరటి షూట్ టిప్స్‌కి గామా కిరణాలు: డోసు ఎంత? మ్యుటేషన్ ఎందుకు నిలవట్లేదు?

పిలక_ప్రాజెక్ట్:
కావెండిష్ అరటి షూట్ టిప్స్‌కి (పిలక లోపలి పెరిగే మొనలకి) కోబాల్ట్-60తో గామా రేడియేషన్ ఇచ్చి, ఫ్యుసేరియం ఎండు తెగులును తట్టుకునే మొక్క దొరుకుతుందేమో చూడాలని ప్లాన్. డోసు ఎంతతో మొదలుపెట్టాలి? ఇంకోటి, ట్రయల్‌లో ఒక పిలక ఆకు మీద తెల్లచార వచ్చింది, సబ్‌కల్చర్ చేస్తే (విడదీసి కొత్త జాడీలో పెంచితే) దాని నుంచి మళ్లీ మామూలు పచ్చటివే వస్తున్నాయి. మ్యుటేషన్ పోయినట్టేనా? పైగా ఆ మొక్కలు ముట్టుకుంటే ప్రమాదమేమో అని ఇంట్లోవాళ్లకు ఒకటే టెన్షన్.

జాడీ మనిషి:
ముట్టుకోవచ్చు, గామా కిరణాలు తగిలినంత మాత్రాన మొక్క రేడియోధార్మికం అయిపోదు.

మ్యుటేషన్ పోవడం కాదండీ, అది అన్ని కణాల్లోనూ అసలు రానేలేదు. షూట్ టిప్ అంటే బోలెడు కణాలు, కిరణం ఒకదాని డీఎన్‌ఏని మారిస్తే దాని నుంచి పుట్టినవే మారతాయి, పక్కనున్నవి పాతవే. దీన్నే కైమెరా అంటారు. మూడు నాలుగు సార్లు సబ్‌కల్చర్ చేసి, ప్రతిసారీ పిలకల్ని విడదీస్తూ పోతేగానీ మారినవీ మారనివీ వేరుపడవు. అంతకుముందే స్క్రీనింగ్‌కి దిగితే బూడిదలో పోసిన పన్నీరే. లేదంటే లేత మగపూల నుంచి ఎంబ్రియోజెనిక్ కణాల సస్పెన్షన్ (పిండాలుగా ఎదగగల కణాలు ద్రవంలో తేలుతూ ఉండేది) తయారుచేసి దానికి రేడియేషన్ ఇవ్వండి, ఒక్కో పిండం ఒకే కణం నుంచి వస్తుంది కాబట్టి ఈ తలనొప్పి చాలావరకు ఉండదు. కాకపోతే ఆ సస్పెన్షన్ నిలబెట్టడానికి ఓపిక కావాలి.

మూడు జతలు:
డోసు ఎవరో చెప్పింది వాడకండి బ్రో. సున్నా నుంచి 60 గ్రే (రేడియేషన్ డోసు కొలమానం) దాకా పదేసి పెంచుతూ వేసి, పెరుగుదల సగానికి పడిపోయేది ఎక్కడో చూసుకోండి. కావెండిష్ లాంటి ట్రిప్లాయిడ్‌లకు (మూడు జతల క్రోమోజోములు కాదు, మూడు సెట్లు ఉన్నవాటికి) సాధారణంగా 30-40 దగ్గర ఉంటుంది, రెండు సెట్లుండే డిప్లాయిడ్‌లు ఇంకా తక్కువకే చచ్చిపోతాయి. అయినా మలేషియాలో 1995లో విడుదలైన నొవేరియా అనే అరటి రకం, 60 గ్రే ఇచ్చిన గ్రాండ్ నైన్ (ఒక కావెండిష్ రకం) నుంచే వచ్చింది. దాని గొప్ప త్వరగా గెల వేయడం. కావెండిష్ గింజకట్టదు, సంకరం చేయడం మహా కష్టం, అందుకే ఈ పాట్లన్నీ. ఏ జన్యువు మారాలో మాత్రం మన చేతిలో ఉండదు.

పిలక_ప్రాజెక్ట్:
థాంక్సండీ ఇద్దరికీ. రేడియేషన్ ఇవ్వని వాటిని కంట్రోల్‌గా చివరిదాకా సబ్‌కల్చర్ చేయాలా, మొదట్లో కొన్ని ఉంచితే చాలా?

జాడీ మనిషి:
చివరిదాకా, అన్నిసార్లూ. టిష్యూ కల్చరే సొంతంగా తేడా మొక్కల్ని పుట్టిస్తుంది, ఎండు తెగులును కొంతవరకు తట్టుకునే తైవాన్ జీసీటీసీవీ (టిష్యూ కల్చర్‌లో పుట్టిన జెయింట్ కావెండిష్ తేడా మొక్కలు) రకాలు రేడియేషన్ లేకుండా అలా దొరికినవే. కంట్రోల్ లేకపోతే మీకు దొరికింది కిరణాల వల్లో, జాడీలో ఎక్కువకాలం ఉండటం వల్లో తేల్చలేరు. ల్యాబ్‌లో తట్టుకున్న మొక్క తెగులున్న మట్టిలో చేతులెత్తేయొచ్చు కూడా, కాబట్టి పొలం పరీక్షకు మొక్కలు ఇప్పటినుంచే ఎక్కువ ఉంచుకోండి.