నాన్న రోటరీలో లేరు, అమ్మ ఇన్నర్ వీల్‌లో చేరొచ్చా?

కాకినాడ అమ్మాయి
అమ్మ టీచరుగా రిటైరై ఏడాదవుతోంది. పక్కవీధి ఆంటీ ఇన్నర్ వీల్ క్లబ్‌లోకి రమ్మని రెండుసార్లు ఇంటికొచ్చి మరీ పిలిచారు. అది రోటరీ అనే సేవా సంస్థ వాళ్ల భార్యల క్లబ్ కదా, మీ నాన్న ఎప్పుడూ అందులో లేరు, నన్నెలా తీసుకుంటారు అని అమ్మ అనుమానం. లోపల ఎలా నడుస్తుంది, కట్టే డబ్బు ఎటు పోతుంది? తెలిసినవాళ్లు చెప్పండి.

గోదావరి గట్టు
నిస్సందేహంగా చేరొచ్చండీ. రోటరీ వాళ్ల ఇంటి ఆడవాళ్లకే అనే రూలు 2012లో ఇస్తాంబుల్‌లో జరిగిన ఇన్నర్ వీల్ అంతర్జాతీయ సభలో (కన్వెన్షన్) మారింది. ఇప్పుడు క్లబ్‌లో ఎక్కువమంది ఒప్పుకుంటే ఎవరినైనా పిలవచ్చు. మా ట్రెజరర్ గారి భర్తకు రోటరీతో ఏ సంబంధమూ లేదు, ఆవిడ బ్యాంకులో పనిచేసి వచ్చారు, లెక్కలు అంత శుభ్రంగా ఇంతకుముందు ఎవరూ రాయలేదు.

పాత కాగితాలు
అసలు ఇది ఎలా పుట్టిందో మీ అమ్మగారికి చెప్పండి, సంకోచం తగ్గుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండులో రోటరీ సభ్యుల భార్యలు సేవాపనుల్లో భర్తలతోపాటు చేయి వేశారు. యుద్ధం అయ్యాక కూడా ఆ పని వదులుకోవడం వాళ్లకు ఇష్టం లేకపోయింది. నర్సుగా పనిచేసి తర్వాత సొంతంగా వ్యాపారం నడిపిన మార్గరెట్ గోల్డింగ్ ముందుకొచ్చారు. 1923 నవంబరు 15న మాంచెస్టర్‌లో 27 మంది కలిశారు. ఎక్కడో తెలుసా, ఒక టర్కిష్ స్నానశాలలో! అద్దె లేకుండా దొరికిన చోటు అదే. 1924 జనవరి 10న క్లబ్ ఏర్పడింది, అందుకే ఇప్పటికీ ఆ రోజునే ఇన్నర్ వీల్ దినం చేస్తారు. 1934లో బ్రిటన్, ఐర్లండ్ క్లబ్బులన్నీ ఒక సంఘమయ్యాయి, 1967లో అంతర్జాతీయ సంస్థ. మన దేశంలో మొదటి క్లబ్ 1955లో అహ్మదాబాద్‌లో. ఇంకోటి, రోటరీ తన నియమాల్లో ఆడవాళ్లకు తలుపు తెరిచింది 1989లో, అదీ అమెరికా సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక. అంటే 65 ఏళ్లు వీళ్లు తమ సంస్థను తామే నడుపుకున్నారు. దాన్ని ఇంకా భార్యల క్లబ్ అంటే నాకు బాధేస్తుంది.

మాజీ సెక్రటరీ, హైదరాబాద్
నడిచే తీరు నేను చెప్తా. జులై 1న కొత్త ప్రెసిడెంట్ మెడలో పదవి గుర్తుగా కాలర్ పడుతుంది, సెక్రటరీ, ట్రెజరర్, విదేశీ క్లబ్బులతో సంబంధాలు చూసే ఐఎస్ఓ అందరూ ఏడాదికే. క్లబ్ పైన చాలా క్లబ్బులు కలిసిన డిస్ట్రిక్ట్ (మా నంబరు 315, మీ కాకినాడ వైపు 302), దాని పైన జాతీయ సంఘం, ఆపైన అంతర్జాతీయ బోర్డు. మీరు కట్టే చందాలో కొంత క్లబ్‌కి, మిగతాది పై మెట్లకి వెళ్తుంది. మూడేళ్లకోసారి కన్వెన్షన్, రూలు మార్చాలంటే అక్కడే ఓటు, క్లబ్ పెద్దదైనా చిన్నదైనా ఒకటే ఓటు. ఇది నాకు చాలా నచ్చే విషయం.

నచ్చనిది ఈ ఏడాది గడువు. నేనున్నప్పుడు ఒక సర్కారు బడిలో ఆడపిల్లలకు కుట్టు నేర్పించడం మొదలుపెట్టాం, 14 మంది చేరారు, జులై రాగానే కొత్త టీమ్ వేరే పని ఎత్తుకుంది, మిషన్లు గదిలో మూలన పడ్డాయి. ఆ పిల్లలు నాకు ఇప్పటికీ గుర్తొస్తారు.

బెజవాడ కోడలు
అక్కా, మిషన్ల సంగతి వింటే కష్టమే అనిపించింది. కానీ ఏడాదికోసారి మారడం వల్లే మా అత్తయ్యగారికి అవకాశం వచ్చింది. మైకు అంటే వణికే మనిషి, 61 ఏళ్ల వయసులో ప్రెసిడెంట్ అయి నలభై మంది ముందు మాట్లాడారు. కొనసాగించాల్సిన పనిని మినిట్స్‌లో రాయించి, పాత ప్రెసిడెంట్‌నే దానికి బాధ్యురాలిగా ఉంచితే సరిపోతుందని మా క్లబ్ అనుభవం.

డబ్బు మాత్రం ముందే అడగండి. నేను మొదట చేరిన ఒక క్లబ్‌లో రెండేళ్లు రసీదులే చూపించలేదు, అడిగితే ముఖం మాడ్చుకున్నారు, బయటికొచ్చేశాను. ఆడిట్ అయిన లెక్క చూపించమనడం తప్పు కాదు.

లెస్టర్ నుంచి
ఇక్కడ ఇంగ్లండులో మా క్లబ్‌లో చాలామంది డెబ్బై దాటినవాళ్లే, అధికారి పదవులు తీసుకునేవాళ్లు దొరకడం లేదు. 2024లో వందేళ్ల పండగకి మాంచెస్టర్‌లోనే కన్వెన్షన్ జరిగింది. మీ అమ్మగారిలాంటి వాళ్లు చేరితేనే ఇది నిలబడేది.

కాకినాడ అమ్మాయి
అన్నీ అమ్మకు చదివి వినిపించాను. స్నానశాల సంగతి విని మళ్లీ చదవమంది. శనివారం మీటింగ్‌కి ముందు అతిథిగా వెళ్తోంది. లెక్కల గురించి ఆంటీని అడిగితే పోయినేడాది ఆడిట్ ఫైలు తనే తెచ్చి చూపిస్తానన్నారట.