ఐదు నిమిషాల పెన్సిల్ పోర్ట్రెయిట్‌లో రబ్బరు వాడొచ్చా?

సన్నగీత: ఎదురుగా కూర్చున్నవాళ్ల ముఖాలు స్కెచ్‌బుక్‌లో గీస్తుంటాను, ఐదేసి నిమిషాల్లో. ముక్కు పక్కకు పోతే చెరిపేస్తాను. అది మోసమని ఒకాయన అన్నారు. అవునంటారా?

నల్లపెన్సిల్: మోసం కాదు, దండగ. ఉన్న ఐదు నిమిషాల్లో చెరుపుతూ కూర్చుంటే గీసేదెప్పుడు? మెత్తటి 2బీ పెన్సిల్‌ని మొనకు దూరంగా పట్టుకుని తేలిగ్గా మొదలుపెట్టండి. గీత తప్పితే పక్కనే సరైనది నొక్కి వెయ్యండి. కన్ను ముదురు గీతనే చూస్తుంది. పైగా పల్చటి కాగితాన్ని రుద్దితే నూగు లేస్తుంది, ఆ తర్వాత గ్రాఫైట్ సరిగ్గా పట్టదు.

తెల్లకాగితం: నూగు లేచేది గట్టి రబ్బరుతో రుద్దితే. నీడెడ్ ఎరేజర్‌తో, అంటే పిండిలా పిసికే మెత్తటి రబ్బరుతో, అద్ది తీయండి, ఏమీ కాదు. ముక్కు కొన మీద మెరుపు తెప్పించడానికీ అదే.

నల్లపెన్సిల్: మెరుపు ఉండేచోట గీయకుండా వదిలేస్తే సరిపోదా?

దారినపోయే: ఆ ముక్కు సంగతి చూడండి ముందు. తల వాలినప్పుడు కళ్ల గీత కూడా వాలాలి. కళ్లు అడ్డంగా పెట్టి ముక్కు వాలుస్తున్నట్టున్నారు.

తెల్లకాగితం: 1815 తర్వాత రోమ్‌లో పోషకులు దూరమై, ఫ్రెంచ్ చిత్రకారుడు ఆంగ్ర్ పర్యాటకుల పెన్సిల్ పోర్ట్రెయిట్లు గీసి బతికాడు. ఎంత శుభ్రంగా ఉంటాయి! చిందరవందరగా ఉంటేనే కళ అనడం ఇప్పటి ఫ్యాషన్.

నల్లపెన్సిల్: అవి ఐదు నిమిషాల బొమ్మలా? ముఖం శ్రద్ధగా గీసి, కోటు నాలుగు గీతల్లో వదిలేసేవాడు. అది మాత్రం మీకు కనపడదు.

తెల్లకాగితం: రబ్బరు ఆనవాలు కనిపిస్తే మా మాస్టారు అందరి ముందూ పేజీ చింపేవారు. చివరికి క్లాసే మానేశాను. మీ మాటలూ అలాగే ఉన్నాయి.

నల్లపెన్సిల్: నేనెవరి పేజీ చింపాను? మీ కోపం ఆయన మీద, తిట్లు నాకు. అసలు ప్రాక్టీసు పుస్తకం శుభ్రంగా ఎందుకుండాలి?

తెల్లకాగితం: కూర్చున్న మనిషి లేచొచ్చి చూస్తానంటాడు కాబట్టి! రెండు ముక్కులతో ఆయన ముఖం ఆయనకెలా చూపించను?

నల్లపెన్సిల్: నేను చూపించను. గీస్తున్నానని చెప్పను కూడా. చెబితే బిగుసుకుపోతారు.

తెల్లకాగితం: అడగకుండా గీసి, చూపించకుండా మూసేస్తారా? ముఖం ఆయనదండీ!

దారినపోయే: నన్నలా గీస్తే పుస్తకం లాక్కుంటాను.

నల్లపెన్సిల్: ముఖం ఆయనదే, గీత నాది. మొదట్లో చూపించేవాణ్ణి. ప్రతివాడూ ఒకటే మాట, "నేనిలా ఉండను" అని. ఆ మాట వినడానికా ఇంత కష్టపడేది?